మా ఆవిడ చూసుకుంటుంది

ఆదివారం తెలుగు సంఘం మీటింగుకి ఎనభై మందికి టీ కావాలని శ్యాంప్రసాద్ చెప్పేసరికి శ్రీదుర్గ వంకాయలు కోసి ఉప్పునీళ్ళలో వేస్తోంది. పెట్టగలవా అని అతను అడగలేదు. హాలువాడు టీకి వేరే తీసుకుంటాడని, ఫ్లాస్కులు నాలుగు అబ్బులు గారింట్లో ఉన్నాయని, అల్లం కాస్త ఎక్కువ దంచమని చెప్పాడు. గుమ్మంలో బూట్లు వేసుకుంటూ వెనక్కి తిరిగి, "నీకేం, ఇంట్లోనే ఉంటావుగా" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు, ఎగతాళి కూడా లేదు. బయట ఎండగా ఉంది అన్నంత మామూలుగా అన్నాడు. అందుకే దానికి జవాబు చెప్పడం ఆమెకి ఇన్నేళ్ళలో చేతకాలేదు. తిట్టినవాడికైతే ఎదురు చెప్పచ్చు. ఎండగా ఉంది అన్నవాడికి ఏం చెబుతారు ఎవరైనా.

ఇంట్లోనే ఉంటుంది, నిజమే. దుబాయ్ సత్వాలో పాత బిల్డింగు మూడో అంతస్తులో రెండు గదుల ఫ్లాటు అది. ఒక గది మొగుడూ పెళ్ళాలది. రెండో గదిలో నలుగురు మగవాళ్ళు, హాల్లో ప్లైవుడ్డు చెక్కలు అడ్డుపెట్టి చేసిన అరల్లో ఇంకో నలుగురు. తెల్లవారేసరికి ఎనిమిది డబ్బాలూ గుమ్మం పక్కన వరసగా ఉండాలి, తొమ్మిదోది శ్యాంప్రసాద్‌ది. సాయంత్రం ఆ తొమ్మిదీ తిరిగొస్తాయి. ఎవరెలా ఉన్నారో శ్రీదుర్గకి ముఖాలు చూస్తే తెలియదు, ఆ ముఖాలు ఆమె ఎదట పెద్దగా నిలబడవు కూడా. డబ్బాలు కడిగేటప్పుడు తెలుస్తుంది. కూర తిని అన్నం వదిలేసినవాడికి ఆ రోజు ఎండదెబ్బ. అన్నీ కలిపి రెండు ముద్దలు తిని మూత పెట్టేసినవాడికి ఇంటినుంచి ఏదో ఫోనొచ్చింది. ఆమధ్య పక్కగది ప్రమోద్ డబ్బా తొమ్మిది రోజులు, వేసింది వేసినట్టే తిరిగొచ్చింది. నాలుగో రోజున శ్యాంప్రసాద్‌తో చెప్పింది. డైటింగేమోలే అన్నాడు. ఏడో రోజున మళ్ళీ చెబితే, నీ వంట నచ్చలేదేమో, ఉప్పు చూసుకో అన్నాడు. ఆమె ఉప్పు చూసుకుంది. పదో రోజున ప్రమోద్, పని చేస్తున్న బిల్డింగు మీద నుంచి పడిపోయాడన్నారు. కాగితాల్లో కూడా పడిపోయాడనే రాశారు. సంఘం వాళ్ళు నిధి నుంచి తీసి పన్నెండు రోజుల్లో శవాన్ని కరీంనగర్ పంపారు. అంత త్వరగా ఎవరూ పంపలేదని గ్రూపులో అందరూ దండాలు పెట్టారు.

సంఘం నిధి అందుకే ఉంది. దుబాయ్‌లో తెలుగువాళ్ళు ఎవరు పోయినా పెట్టెలో పెట్టి సొంతూరికి చేర్చడానికి. బతికున్నవాళ్ళకి అందులోంచి పైసా తియ్యకూడదని మొదట్లోనే రాసుకున్నారు.

ఈ మెస్సు ఎలా మొదలైందో శ్రీదుర్గ ఎవరికీ చెప్పదు. రెండువేల ఇరవై జూలైలో, కరోనా రోజుల్లో, ఏడో నెల కడుపులో గుండె చప్పుడు ఆగిపోయింది. ఆస్పత్రి నుంచి వట్టి చేతులతో వచ్చి గోడవైపు తిరిగి పడుకుంది. పాలు వచ్చాయి, వాటిని ఏం చెయ్యాలో చెప్పడానికి ఇంట్లో ఆడమనిషి లేదు. మొదటి పదిరోజులూ శ్యాంప్రసాద్ మంచిగానే చూశాడు, తప్పు చెప్పకూడదు. దానిమ్మరసం తెచ్చాడు, తనే పప్పుచారు కాచాడు. పదకొండో రోజున అత్తగారు వీడియోలో కనిపించి, కోడలి ముఖం ఒకసారి చూసి, కొడుకుతో చెప్పింది: "ఖాళీగా ఉన్న బుర్రలోకేరా ఇయ్యన్నీ వత్తాయి. పదిమందికి వండి పెట్టమను, ఆ దిగులు దానంతటదే పోద్ది." ఆగస్టులో పక్కగదిలోకి నలుగురు వచ్చారు. సెప్టెంబరులో హాల్లోకి చెక్కలొచ్చాయి. అలా ఆమెకి వైద్యం మొదలైంది. మూడేళ్ళయింది. ఆ మందు ఇక చాలని ఇంతవరకూ ఎవరూ అనలేదు.

సుబ్బాయమ్మ వచ్చి నలభై రోజులు.

ఆమెది రాజోలు దగ్గర పల్లెటూరు, నలభై ఆరేళ్ళుంటాయి. పదకొండేళ్ళుగా ఇళ్ళల్లో పని చేస్తోంది, ఆఖరి ఏడేళ్ళూ అల్ అయిన్‌లో ఒకే ఇంట్లో. ఒకరోజు పొద్దున్న ఇస్త్రీ మొదలుపెట్టి ఆపలేకపోయింది. బట్టలయ్యాక దుప్పట్లు, దుప్పట్లయ్యాక పరదాలు, చేసినవే మళ్ళీ. రెండు రోజులు తిండీ నిద్రా లేకుండా ఇస్త్రీ చేసింది. ఆపితే ఏదో అయిపోతుందనిపించిందట. పెట్టె లాక్కోబోతే మామా, అంటే ఆ ఇంటి యజమానురాలి చెయ్యి కాలింది. ఆ ఇంటివాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. పోలీసుల్ని పిలవకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళారు, వీసా ఇంకా నాలుగు నెలలు రద్దు చెయ్యబోమన్నారు. చిన్నపిల్లలున్న ఇంట్లో మాత్రం ఉంచుకోలేమన్నారు. మూడు నెలలు నిలకడగా మందులు పడితేగానీ విమానం ఎక్కించొద్దని డాక్టరు రాశాడు. ఊళ్ళో, ఆమె జీతంతో కట్టిన డాబాలో ఉంటున్న మొగుడూ మరిదీ ఫోనులో, ఇలాంటప్పుడు ఇక్కడికొస్తే పిల్లకి సంబంధాలు తప్పిపోతాయి, నయమయ్యాకే రమ్మనండి అన్నారు. శ్యాంప్రసాద్ అప్పటికి సంఘంలో జాయింటు సెక్రటరీ. సుబ్బాయమ్మని టాక్సీలో తీసుకొచ్చి, గుమ్మంలో నిలబెట్టి ఫొటో తీసి గ్రూపులో పెట్టాడు. లోపలికి తీసుకొచ్చింది శ్రీదుర్గ.

వంటింటి వెనక బట్టలారేసుకునే చోట మడతమంచం వేసి దుప్పటి అడ్డం కట్టింది. పొద్దున ఒక మాత్ర, రాత్రి రెండు. మాత్రలకి చేతులు వణికితే గ్లాసు తనే పట్టుకునేది. ఇస్త్రీపెట్టె బీరువాలో పెట్టి తాళం వేసింది. ఏడుపు వచ్చిన పూట పక్కన కూచునేది, ఊరుకోమనేది కాదు. ఊరుకో అనే మాట ఎంత బరువుంటుందో ఆమెకి తెలుసు. మందు పట్టాక సుబ్బాయమ్మ మెల్లగా మనిషయింది. మనిషయ్యాక నవ్వించేది కూడా. "పిచ్చిదాని ముందు అన్నీ మాటాడేసుకుంటారమ్మా ఈ మగోళ్ళు, దానికేం తెలుత్తాదిలే అని" అంది ఒకనాడు వెల్లుల్లి ఒలుస్తూ. "పనిమనిషిగా ఉన్నప్పుడూ ఇంతే. రెండిట్లోనీ నాకు తేడా ఏం కనపళ్ళేదు."

ఆస్పత్రి నుంచి వారం వారం ఒక మలయాళీ నర్సు ఫోను చేసి హిందీలో ప్రశ్నలు చదివేది. ఆకలి ఉందా. నిద్రలోంచి లేవగానే గుండె బరువుగా ఉంటుందా. ఏడుపు రావలసిన చోట రాకుండా ఉంటుందా. రోజూ చేసే పని ఒక్కరోజు ఆపాలంటే భయమేస్తుందా. శ్రీదుర్గ సుబ్బాయమ్మకి తెలుగులో అడిగి, జవాబు హిందీలో చెప్పేది. మూడో వారానికి ఒక విషయం గమనించింది. సుబ్బాయమ్మ నోరు తెరిచేలోపే ప్రతి ప్రశ్నకీ తన లోపల ఒక జవాబు వచ్చేస్తోంది. ఆకలి సంగతి తెలియదు, మిగిలింది తింటుంది. ఏడుపు మూడేళ్ళుగా రాలేదు. పని ఆపితే ఏమవుతుందో ఆలోచించడానికి ఎప్పుడూ ధైర్యం చెయ్యలేదు. సుబ్బాయమ్మ జవాబులు వారం వారం మెరుగవుతూ వచ్చాయి. తనవి అలాగే ఉండిపోయాయి. వాటిని రాసుకునేవాళ్ళు ఎవరూ లేరు. ఫోను పెట్టేశాక పప్పు కుక్కరు ఎక్కించేది.

ప్రమోద్ పోయినప్పటి నుంచి, పక్కగదిలోనే ఉండే పోచన్న ఒకటే మాట పట్టుకు తిరిగేవాడు, బతికున్నోళ్ళకి కూడా నిధి ఉండాలని. ఏసీ డక్టుల పని చేసే మనిషి, సంఘంలో అతని మాట ఎవరూ వినేవారు కాదు. సుబ్బాయమ్మ వచ్చాక ఆ మాట శ్యాంప్రసాద్ అందుకున్నాడు. వచ్చే యేడు సెక్రటరీ పదవికి పోటీ చెయ్యాలని అతనికి ఉంది. కారణం ఏదైతేనేం, పని మంచిదే అనుకుంది శ్రీదుర్గ. నిధిలో మూడోవంతు తీసి మనసు జబ్బులకి వైద్యం చేయించాలి. ఆస్పత్రి నుంచి వచ్చినవాళ్ళు కోలుకుని ఇంటికెళ్ళే దాకా తలదాచుకోవడానికి మూడు మంచాల చిన్న ఫ్లాటు తీసుకోవాలి. సభ్యులు చీటీల మీద ఓటెయ్యాలి, మూడింట రెండు వంతులు అవునంటేనే జరుగుతుంది. ఆ ఫ్లాటు వస్తే సుబ్బాయమ్మకి బట్టలారేసే చోట పడుకోవడం తప్పుతుంది. రాకపోతే ఆమెని అలాగే విమానం ఎక్కించేద్దామని అప్పటికే ఇద్దరు ముగ్గురు అంటున్నారు.

గురువారం సాయంత్రం ట్రెజరర్ అబ్బులు గారు చీటీలో ఏం రాయాలో తేల్చుకోవడానికి ఇంటికొచ్చారు. ముప్ఫై ఏళ్ళ కిందట అబుదాబి ముసఫ్ఫాలో వెల్డరుగా మొదలుపెట్టి, ఇప్పుడు సొంత వర్క్‌షాపు నడుపుతున్న మనిషి. మాట కటువు, లెక్క ఖచ్చితం. శ్రీదుర్గ వంటింట్లో ఉల్లిపకోడీ వేస్తోంది. మధ్యలో తలుపు లేదు కనక మాటలన్నీ వినిపిస్తున్నాయి.

ఇల్లు తీసుకోవచ్చు, డాక్టరుకీ ఇవ్వచ్చు, అదంతా ఒకసారి జనానికి నచ్చచెప్పచ్చు అన్నారాయన. కానీ వాళ్ళకి వండిపెట్టి, మందులేసి, కనిపెట్టుకుని ఉండడానికి ఒక మనిషిని పెట్టాలి. ఆ మనిషికి నెలనెలా జీతం.

"ఆ జీతం లైనుందంటే ఒక్కడూ ఓటెయ్యడ్రా అబ్బాయ్. పిచ్చోళ్ళ మీద జీతాలు పోత్తన్నారంటారు."

"కొట్టెయ్యండి ఆ లైను" అన్నాడు శ్యాంప్రసాద్. "మా ఆవిడ చూసుకుంటుంది."

"అడిగేవా?"

"అడగటానికేముందండీ, ఇప్పుడు చూడట్లేదా? తనకీ వ్యాపకం. ఖలాస్." అని వంటింటి వైపు తల తిప్పి, "ఏమేవ్, చూసుకుంటావుగా?" అన్నాడు.

ఆమె చేతిలో జల్లిగరిటె ఉంది, నూనెలో పకోడీ ఎర్రబడుతోంది. తీసి, నూనె వడకట్టి, పళ్ళెంలో వేసి నోరు తెరిచేసరికి లోపల నుంచి "చూశారా" అన్న మాట వినిపించింది. ఆ తరవాత కాగితం మీద పెన్ను గీసిన చప్పుడు.

దుప్పటి అవతల నుంచి సుబ్బాయమ్మ అంతా వింది. రాత్రి మాత్రలు మింగి గ్లాసు తిరిగిచ్చేటప్పుడు శ్రీదుర్గ ముఖంలోకి కాసేపు చూసింది, డాక్టరు చూసినట్టు.

మర్నాడు పొద్దున డబ్బాలు కడుతూ శ్రీదుర్గ అడిగింది, ఆదివారం తనకి ఓటు ఉందా అని. శ్యాంప్రసాద్ నవ్వాడు. మనిద్దరికీ కలిపి ఒకటి, ఫ్యామిలీ మెంబర్‌షిప్పు కదా, నేనేస్తే నువ్వేసినట్టే అన్నాడు. సుబ్బాయమ్మ పిన్నికో అంటే, ఆవిడ సింగిల్ మెంబరు, తన పేరున కార్డుంది కాబట్టి ఆవిడకి ఉంది, రూలు రూలే అన్నాడు.

ఈ సంగతి ఆమెకి తెలియంది కాదు, ఇలా ఎదురుగా ఎప్పుడూ చూడలేదంతే. సంఘంలో ఫ్యామిలీ ఆడవాళ్ళు పనిమనుషుల పక్కన కుర్చీ వేసుకోరు. మనవాళ్ళే అంటారు, పాపం అంటారు, పాత చీరలిస్తారు. ఆ పనిమనుషులకి మాత్రం మనిషికో కార్డుంది. ఒంటరిగా వచ్చారు, ఒంటరిగా చందా కట్టారు, కాబట్టి ఒక్కొక్కరూ ఒక్కో మనిషి. పట్టుచీర కట్టుకుని ముందు వరసలో కూచునేవాళ్ళు ఒకరి కార్డు వెనక రెండో పేరు. ఇక్కడి కాగితాల్లో తన వీసాకి పూచీ పడ్డ కఫీల్ ఎవరంటే శ్యాంప్రసాదే. అతను సంతకం పెడితే ఉంటుంది, తీసేస్తే వెళ్ళిపోతుంది. సుబ్బాయమ్మని పిచ్చిదన్న సంఘంలోనే సుబ్బాయమ్మకి ఓటుంది. తనకి లేదు. తెలివిగా ఉన్నందుకా, పెళ్ళి చేసుకున్నందుకా అని ఆలోచిస్తూ పచ్చడి సీసా మూత బిగించింది. శ్యాంప్రసాద్, నా డబ్బాలో పచ్చడి వెయ్యలేదేం అన్నాడు. వేసింది.

ఈ సంఘానికి లైసెన్సు లేదు, అందుకని మీటింగు అని హాలు దొరకదు. ప్రతిసారీ ఎవరిదో పుట్టినరోజని చెప్పి కరామాలో ఒక హోటలు పైన పార్టీ హాలు తీసుకుంటారు. పుట్టినరోజన్నాక కేకు ఉండాలి, కేకు మీద పేరుండాలి. ఈసారి శ్రీదుర్గ పేరు రాయించారు. ఆమె పుట్టింది మార్చిలో, ఇది అక్టోబరు. హోటలు కుర్రాడు వచ్చి హ్యాపీ బర్త్‌డే మేడమ్ అని పువ్వు చేతిలో పెట్టాడు. ఆమె ఆ పువ్వు పళ్ళెంలో పెట్టి టీ కప్పులు సర్దింది.

డెబ్భైమంది దాకా వచ్చారు. సోనాపూర్ లేబర్ క్యాంపు నుంచి ఒక వ్యానులో ఇరవైమంది వచ్చారు. ఆదివారం సెలవు దొరికిన ఇళ్ళ పనిమనుషులు ఆరుగురు వెనక వరసలో కూచున్నారు. సుబ్బాయమ్మ వాళ్ళ పక్కన కూచుంది. శ్యాంప్రసాద్ మైకు ముందు బాగా మాట్లాడాడు. మనసుకి జబ్బు చేస్తే సిగ్గుపడక్కర్లేదన్నాడు. ఇంట్లో మనిషి నవ్వడం మానేస్తే గమనించాలి, అడగాలి అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. శ్రీదుర్గ మూడో ఫ్లాస్కు మూత తిప్పుతూ ఆ మాట వింది. అతను అబద్ధం చెప్పడం లేదు. చెబుతున్నది నిజంగానే నమ్ముతున్నాడు, అదీ చిత్రం. ఆ మాటలోని ఇల్లు వేరే ఎవరిదో అనుకుంటున్నాడు.

తరవాత పోచన్న లేచాడు. అతన్ని ఎవరూ పిలవలేదు.

"నాకు మాట్లాడుడు రాదు. ప్రమోద్‌గాడు నా పక్క మంచమోడు. సచ్చినంక పన్నెండు దినాలల్ల ఇంటికి పంపిన్రు, మంచిగనే చేసిన్రు. సచ్చేముంగట తొమ్మిది దినాలు తినలే. గప్పుడెవ్వలడిగిన్రు? నేను గూడ అడగలే. గంతే."

కూచున్నాడు. ఆ తొమ్మిది రోజుల్లో రెండుసార్లు చెప్పిన మనిషి ఒకరున్నారని శ్రీదుర్గ అనలేదు. మొగుడి వైపు చూసింది. అతను తలవంచి చీటీలు లెక్కపెట్టుకుంటున్నాడు.

చీటీలు పంచారు. శ్యాంప్రసాద్ తనే వెనక వరసకి వచ్చి, సుబ్బాయమ్మ చేతిలో చీటీ, పెన్ను పెట్టి, "ఇదిగో పిన్నీ, ఈ మొదటి గడిలో టిక్కు పెట్టెయ్. నీ ఇల్లే ఇది" అన్నాడు. అతను అటు వెళ్ళగానే సుబ్బాయమ్మ, పక్కనే ఖాళీ కప్పులు తీస్తున్న శ్రీదుర్గ వైపు చీటీ చాపింది.

"నాకు అచ్చరాలు రావు. మొత్తం సదువు. సివరాకరిది కూడా."

శ్రీదుర్గ వంగి, మెల్లగా చదివింది. వైద్యం సంగతి, ఫ్లాటు సంగతి, మూడు మంచాల సంగతి. చివరి వాక్యం దగ్గర గొంతు మారకుండా చూసుకుంది. ఇంటి నిర్వహణ, వంట, రోగుల సంరక్షణ శ్యాంప్రసాద్ గారి కుటుంబం ఉచితంగా చూసుకుంటారు.

"కుటుంబవంటే ఎవరు?"

"నేనే పిన్నీ."

"నిన్నడిగేరా?"

శ్రీదుర్గకి మొదటి గడిలో టిక్కు పెట్టమని చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. ఈ మనిషికి చోటు కావాలి, అది మాత్రం నిజం. తనేదో పడుతుంది, ఇన్నాళ్ళూ పడలేదా. ఆ మాట తన నోట్లోకి వచ్చినప్పుడు అది తన గొంతు కాదనిపించింది, వీడియోలోంచి అత్తగారి గొంతులా ఉంది.

"నాకు జీతం ఇచ్చేవోరమ్మా" అంది సుబ్బాయమ్మ, పెన్ను పట్టుకున్న చెయ్యి వణుకుతుంటే రెండో చేత్తో ఆపుకుంటూ. "జీతం ఇచ్చినా, శుక్రవారం సెలవిచ్చినా నాకిలాగయ్యింది. నీకు రెండూ లేవు. కాదన్న గడి ఏది?"

"పిన్నీ, అది పెడితే నీకే ఇల్లు రాదు."

"ఏదని అడిగేను."

శ్రీదుర్గ రెండో గడి మీద వేలు పెట్టింది. సుబ్బాయమ్మ పళ్ళు బిగబట్టి ఒక గీత గీసింది. అది టిక్కులా లేదు, గోడ మీద బొగ్గుతో గీసినట్టుంది. చీటీ మడిచి తనే నడిచివెళ్ళి డబ్బాలో వేసింది.

లెక్కపెట్టడానికి పావుగంట పట్టలేదు. కాదన్నవి నాలుగే వచ్చాయి. జీతం లైను కొట్టేశాక ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. అబ్బులు గారు మైకులో చదివారు, చప్పట్లు మోగాయి, ఇంత మంచిపనికి కూడా వద్దన్న ఆ నలుగురు మహానుభావులెవరో అని ఎవరో నవ్వారు. శ్యాంప్రసాద్ డబ్బాలోంచి ఒక చీటీ తీసి, ఆ వంకర గీత చూసి గుర్తుపట్టి, "మా సుబ్బాయమ్మ పిన్నేనండోయ్. తన ఇంటికి తనే వద్దని ఓటేసింది. పిచ్చి అంటే ఇదే" అన్నాడు. ఈసారి హాలంతా నవ్వింది. ముందు వరసలో పట్టుచీరలు కూడా నవ్వాయి. వెనక వరసలో ఆరుగురూ నవ్వలేదు. సుబ్బాయమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని ఎదురుగా చూస్తూ కూచుంది, ఎవరి ఇంట్లోనో తిట్లు తింటున్నప్పుడు కూచున్నట్టు.

శ్రీదుర్గ తనకి కోపం వస్తుందనుకుంది, రాలేదు. దాని బదులు ఒక లెక్కలాంటిది తేలింది. ఇందరిలో తన గురించి ఆలోచించి ఓటేసిన మనిషి ఒక్కతే, ఆమెని పిచ్చిదంటున్నారు. ఇల్లు వచ్చేసింది. సుబ్బాయమ్మకి మంచం వచ్చింది, అది ఎవరూ తియ్యలేరు. ఇక మిగిలింది తను. రేపటి నుంచి ఈ ఇంట్లో తొమ్మిది డబ్బాలు, ఆ ఇంట్లో మూడు మంచాలు. నర్సు ఫోను చేస్తుంది, ప్రశ్నలు చదువుతుంది, తను అడిగి చెబుతుంది. మూడు మంచాల మీద మనుషులు మారతారు, నయమై వెళ్తారు. ప్రశ్నలకి తన లోపలి జవాబులు అలాగే ఉంటాయి, ఒక రోజు తను ఏదో పని మొదలుపెట్టి ఆపలేకపోయేదాకా.

అబ్బులు గారు మైకు పక్కన పెట్టి, బల్ల దగ్గర రిజిస్టరు తెరిచారు. ఇంట్లో చేర్చుకునే వాళ్ళ పేర్లు ఇవాళే రాసేస్తే రేపు ఫ్లాటు అడ్వాన్సు ఇవ్వచ్చన్నారు. సభ్యులైనా, సభ్యుల ఇంట్లోవాళ్ళైనా పరవాలేదట. మొదటి మంచానికి సుబ్బాయమ్మ పేరు రాశారు. రెండోదానికి ఎవరన్నా ఉన్నారా అని అడిగారు. అలాంటి చోట ఎవరు మాట్లాడతారు. ప్రతివాళ్ళూ పక్కవాడి వైపు చూశారు.

శ్రీదుర్గ టీ పళ్ళెం కిటికీ గట్టు మీద పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుని బల్ల దగ్గరికి నడిచింది.

"రెండోది నాకు రాయండి బాబాయి గారూ."

అబ్బులు గారు కళ్ళజోడు పైనుంచి చూశారు. శ్యాంప్రసాద్ నవ్వుతూనే వచ్చి, అందరికీ వినబడేలా జోకులేస్తోందండీ అని, ఆమెకి మాత్రమే వినబడేలా వెళ్ళి టీ చూడు అన్నాడు. ఆమె కదల్లేదు. మోచెయ్యి పట్టుకున్నాడు. ఆమె ఆ చేతి వైపు చూసింది. డెబ్భైమంది చూస్తున్నారు కనక వదిలేశాడు.

"నీకేమైందమ్మా?" అన్నారు అబ్బులు గారు. ఆ గొంతులో కటువు లేదు. నిజంగానే అడిగారు. మూడేళ్ళలో ఆ మాట అడిగిన మొదటి మనిషి ఈయనే అని ఆమెకి అప్పుడు తట్టింది.

ఆకలి తెలియడం లేదని చెప్పింది. ఏడుపు రాదని చెప్పింది. పని ఆపాలంటే భయమేస్తుందని, ఆపకపోతే ఇంకా భయమేస్తోందని చెప్పింది. నర్సు చదివిన వరసలోనే చెప్పింది, వేరొకరి కాగితం చదువుతున్నట్టు. బిడ్డ సంగతి చెప్పలేదు. అది ఈ రిజిస్టరులోకి రాసేది కాదు. ఆమె మాట్లాడుతుంటే వెనక వరసలో ఒక్కొక్క కుర్చీ జరిగిన చప్పుడైంది. ఆరుగురూ, సుబ్బాయమ్మా లేచి నిలబడ్డారు.

అబ్బులు గారు పెన్ను కాగితం మీద ఆనించి ఆగారు. ఆయన దయలేని మనిషి కాదు. కానీ లెక్క తప్పితే ఊరుకోలేరు, ఇక్కడ ఆయనకి లెక్క తప్పుతోంది. ఒకసారి శ్యాంప్రసాద్ వైపు, ఒకసారి తను రాసిన చీటీ చివరి వాక్యం వైపు చూశారు.

"బాగానే ఉందమ్మా. నువ్వు మంచమెక్కితే మరి వాళ్ళనీ నిన్నూ చూసుకునేదెవరు?"

"దానికీ ఓటు పెట్టండి" అంది శ్రీదుర్గ. "ఈసారి నాకూ ఒక చీటీ ఇవ్వండి."